నిజమైన ఏడుపు

బొమ్మలో ఏడుపు కూడా నిజమైనదే అయ్యుండాలంటాడు బొమ్మలు వేసే మా ఆయన ఆంబ్రోస్. క్రిమియా యుద్ధానికి వెళ్లిన సిపాయి ఇంటిని వేస్తున్నాడు. చల్లారిన పొయ్యి, ఖాళీ కుర్చీ, పక్కన ఏడుస్తున్న పిల్ల. పిల్ల కోసం మా వీధి చివర బట్టలుతికే హెస్టర్ కూతురు టాబీని పిలిపించాడు. దాని తండ్రి సైలస్ అప్పుడు నిజంగానే యుద్ధంలో ఉన్నాడు. కేకు ముక్క పెడితే అది ఇకిలిస్తూ కూర్చుంది. ఏడిస్తేగా!

విసిగిపోయి, "మీ నాన్న చచ్చిపోయాడే. మీ అమ్మతో అనకు, బెంగ పెట్టుకుంటుంది" అన్నాడీయన.

పిల్ల మొహం పాలిపోయింది. కన్నీళ్లు కారుతుంటే ఈయన గబగబా గీసుకున్నాడు.

"ఉత్తిదేనని చెప్పండి. పసిపిల్లతో ఏం పరాచికాలివి?" అని విరుచుకుపడ్డాను.

"బొమ్మ పూర్తి కానీ, చెప్తాను."

పూర్తయింది. ఈ మహానుభావుడు చెప్పడం మరిచిపోయాడు.

వసంతంలో సంధి కుదిరి సైలస్ తిరిగొచ్చాడు. మర్నాడే పెళ్లాన్నీ పిల్లనీ వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. టాబీ తల్లి గౌను వెనకే నక్కింది.

"దొరగారూ, పిల్ల నా దగ్గరికి రానంటోందండి. గడ్డం చూసి జడిసిందేమోనని గీయించేసుకున్నా. అయినా 'మా నాన్న చచ్చిపోయాడు, దొరగారు చెప్పారు' అంటోంది. తమరలా ఎందుకంటారు? ఒక్క మాట చెప్పండి, తమరు చెబితే నమ్ముద్ది."

ఆ నమ్మకానికి నాకే తల కొట్టేసినట్టయింది. ఈయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. పిల్ల ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

"తప్పు చేశానమ్మా. నీ ఏడుపు కోసం అబద్ధమాడాను. మీ నాన్న చచ్చిపోలేదు, ఇదిగో ఈయనే."

"ఛీ! బొమ్మ కోసమా?" అంది హెస్టర్.

టాబీ ఈయన్ని చూసింది. మర్నాడు ప్రదర్శనకు వెళ్లాల్సిన బొమ్మను చూసింది.

"మరైతే అందులో నేనింకా ఏడుస్తున్నానేం?"

ఈయన లేచి, రంగులు కలిపే కత్తి తీసుకుని బొమ్మలోని ఆ మొహాన్ని గీకడం మొదలుపెట్టాడు. ఏడాది కష్టం. నేను ఆపలేదు.

చివరి కన్నీటిచుక్క పోయేదాకా టాబీ అక్కడే నిలబడి చూసింది. తర్వాత వెళ్లి సైలస్ వేలు పట్టుకుంది.