కోడికి బదులు

మా సదయ్య బావ మహారాష్ట్రలోని చాందాలో చుట్టాల పెళ్లికని వెళ్లి, బౌద్ధ దీక్ష తీసుకొని తిరిగొచ్చాడు. డెబ్బై ఒకటి ఎండాకాలం అది. చీర తెస్తాడని ఎదురుచూసిన మా పోశక్కకు అయిదు నియమాలు తెచ్చిచ్చాడు. ప్రాణం తీయకూడదు, పరుల సొత్తు ముట్టకూడదు, పరాయి ఆడదాని జోలికి పోకూడదు, అబద్ధమాడకూడదు, మత్తు ముట్టకూడదు.

కల్లు మానేశాడని అక్క సంబరపడింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆదివారం పూట నాకిక తోడెవరు?

"అయిదింట్ల ఒక్కటన్న ఇడిచిపెట్టు బావా" అన్నాను.

"ఏది ఇడువాల్నో నువ్వే చెప్పు రాయమల్లూ. దొంగతనం చెయ్యమంటవా?"

ఆ ఆదివారం నేనొక్కణ్నే కల్లుకు పోయాను.

అసలు చిక్కు బాయి దగ్గర వచ్చింది. బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. లోపల కొత్త చోట పని మొదలయ్యే రోజున, పైన మైసమ్మ గద్దె ముందు కోడిని కోయాలి. ఆ కొత్త కప్పు పేరిట మొదటి ప్రాణం కోడిది పోతే, ఇక చావు మనిషి జోలికి రాదని మా నమ్మకం. మా జట్టులో కత్తి పట్టేది ఎప్పుడూ సదయ్య బావే. ఒక్కసారి ఆయన రాని రోజున వేరేవాడు కోశాడు. కొన్నాళ్లకే మా జట్టులోని ఎల్లన్న వాళ్ల అన్న మీద కప్పు కూలింది. అప్పటినుంచి బావ చేయి పడితేనే ఎల్లన్న బాయి దిగేవాడు.

ఆ రోజు నేను కోడి కాళ్లు పట్టుకొని నిలబడ్డాను. బావ కత్తి అందుకోలేదు.

"నేను కొయ్య" అన్నాడు.

జట్టంతా గొణిగింది. ఎల్లన్న ముందుకొచ్చాడు.

"అన్నా, నువ్వు కొయ్యకుంటే నేను దిగ. వేరేటోని చెయ్యి నేను నమ్మ."

బావ అతని చేయి పట్టుకొని కోడి రొమ్ము మీద పెట్టాడు. "ఎట్ల కొట్టుకుంటున్నదో చూడు తమ్మీ. చావంటే నీకెంత భయమో దీనికి గూడ గంతే."

"మరి నా గతేంది?"

బావ పక్కనున్న కర్ర అందుకున్నాడు. "కప్పు కిందికి ముందుగాల ఒక ప్రాణం పోవాలె, గంతేగద? కోడికి బదులు నేను పోత. మీరు ఎనుక రాండ్రి."

నాకు కోపం ఆగలేదు. "మా అక్క సంగతేంది?"

"ఎవడో ఒకడు ముందు పోవాల్సిందేగద రాయమల్లూ. ఇన్నొద్దులు ఎవడు పోయిండో మనం చూసినమా?"

కోడిని గద్దె పక్కన కట్టేసి ఆయన వెనకే బాయి దిగాను. ఈ మనిషి దీక్ష పుచ్చుకున్న దగ్గరనుంచి నాకు జవాబులే కరువయ్యాయి.

లోపల బావ కర్రతో కప్పును కొట్టి చూసుకుంటూ ఒక్కడే ముందుకు నడిచాడు. ఒకచోట డొల్ల శబ్దం వచ్చింది. పక్కకు జరిగి, వదులుగా ఉన్న రాయిని పొడిచి కింద పడేశాడు. "కూలెతందుకు కారణం ఉంటది. కారణాన్ని తీసేయాలె" అని, "రాండ్రి" అని పిలిచాడు. అప్పటినుంచి, కప్పు తనిఖీ చేసే సర్దార్ సరే అన్నా, ఆ పిలుపు వినందే మావాళ్లు అడుగు పెట్టడం మానేశారు. నేను ఆయనకు కోడి బావ అని పేరు పెట్టాను. ఆయన నవ్వేవాడు. బావ పట్టుకుపోయిన ఆ కోడి మాత్రం అక్క ఇంట్లో బలిసి, దర్జాగా తిరిగేది. దాన్ని చూసినప్పుడల్లా నాకు నోరూరేది.

మరుసటి ఏడు ఇంకో కొత్త చోటు తెరిచే రోజు వచ్చింది. బావ జ్వరంతో దవాఖానలో ఉన్నాడు. ఆయన లేడు కదా, ఇదే అదనని మావాళ్లు వేరే కోడిని తెచ్చారు. కత్తి నేనే నూరాను. చేయి బావది కాకపోయినా, కోడి తెగుతుందని అందరికంటే ఎల్లన్న సంతోషిస్తాడనుకున్నాను.

ఎల్లన్న నా చేతిలోంచి కోడిని తీసుకున్నాడు. దాని రొమ్ము మీద అరచేయి పెట్టి చూశాడు. తర్వాత కాళ్ల తాడు విప్పి నేల మీద వదిలేశాడు.

"గదేంది ఎల్లన్నా? ఇయ్యాల బావ లేడుగద" అన్నాను.

"లేడు. గందుకే నేను ముందు పోత."

"భయమైతలేదా?" అని అడిగాను.

"అయితున్నది. సదయ్యన్నకు గూడ దినాం అయ్యేదట. నిన్న దవాఖానల అడిగితే చెప్పిండు. ఆయన అబద్ధమాడడుగద."

లోపలికి దిగాక ఎల్లన్న కర్ర పట్టుకొని కొత్త కప్పు కిందికి ఒక్కడే వెళ్లాడు. అతని టోపీ లైటు మెల్లగా దూరమైంది. కర్ర చప్పుడు ఆగుతూ, మళ్లీ మొదలవుతూ వచ్చింది. చివరికి "రాండ్రి" అని వినబడింది.

నేను తట్ట ఎత్తుకొని, జట్టులో అందరికంటే ముందు నడిచాను.