అలికిన ఇల్లు

ఆ రోజు తాగిన కూల్‌డ్రింకును శ్రీలత ఇప్పటికీ మరిచిపోలేదు.

భాద్రపదంలో వాగు పొంగి కోదాడ అవతలి వాడంతా మునిగింది. నష్టం చూడటానికి మండలాఫీసు వాళ్లకు పన్నెండో రోజుకు తీరిక దొరికింది. శ్రీలత అక్కడ జూనియర్ అసిస్టెంటు; సర్వే చేసే నరేష్ వెంట తనూ వెళ్లింది. సార్లు వస్తున్నారని కూలికి పోయే యాదమ్మకు ముందురోజే కబురందింది. ఇంటికి మనిషి వస్తుంటే ఇల్లు బురదతో ఉంచడానికి ఆమెకు మనసొప్పలేదు. పాపం, మోకాటిలోతు ఒండ్రు ఎత్తిపోసి, ఇల్లంతా పేడతో అలికి, వాకిలి నిండా ముగ్గేసింది. వెనక గోడ మొత్తం కూలిపోతే ఆ ఖాళీకి దుప్పటి కట్టింది. పక్కింటి నుంచి కుర్చీలు, దుకాణం నుంచి కూల్‌డ్రింకు తెచ్చింది.

నరేష్ వాకిట్లోనే నిలబడి ఫోన్‌తో ఫొటో కొట్టాడు. అందులో ముగ్గు, అలికిన అరుగు, నిలబడ్డ ముందు గోడ. ఇల్లు నివాసయోగ్యమేనా అని ఫోన్‌లోని సర్వే యాప్ అడిగితే అవునని నొక్కాడు. శ్రీలత అదీ చూసింది, దుప్పటి పక్కనుంచి కనిపిస్తున్న వాగునూ చూసింది. చూసి, గ్లాసు ఖాళీ చేసి, జీపెక్కింది. సిగ్గులేని జన్మ!

గోడకు సాయం రాలేదు. యాదమ్మ బిడ్డ స్వాతికి తొలి కాన్పు. వాడపల్లిలో ఉన్న అత్తగారు, గోడ లేని ఇంటికి పురిటికి పంపేది లేదని ఖరాకండిగా చెప్పేసింది. ఆర్నెల్లుగా యాదమ్మ ఆఫీసు మెట్లెక్కుతూనే ఉంది. శ్రీలత అప్పీలు రాసిపెడితే ఆమె పై అధికారి జితేందర్ దాన్ని వేలితో పక్కకు నెట్టాడు.

"ఫొటోల ఇల్లు ముద్దుగున్నది గదమ్మా! గీ ఇంటికి పైసలిస్తే ఆడిట్ల నా నౌకరి ఊడుతది."

ఇక ఆ పైసల సంగతి. ఆపదలో ఆదుకోవాలని సర్కారు ఏటేటా కొంత తీసి విపత్తు నిధి పేరుతో పక్కన పెడుతుంది, ఢిల్లీ అంతకు మూడింతలు కలుపుతుంది. పక్కన పెట్టడం మనవాళ్లకు బాగా వచ్చు. మునిగినవాడికి తీసి ఇవ్వమంటేనే చేతులు పడిపోతాయి. కానీ మార్చి వచ్చిందంటే చాలు, వాడకపోతే వెనక్కి పోతుందని ఎక్కడలేని తొందర. ముందస్తు సన్నద్ధత అనే మాటొకటి దొరికింది. ఆ మాట చెప్పి సూర్యాపేట పోయే దారిలో కొత్త కంట్రోల్ రూం లేపారు. గోడంత టీవీ, రెండు ఏసీలు, మెత్తటి సోఫాలు. మళ్లీ వరదొస్తే జనం మునగడం సోఫాలో కూర్చుని చూస్తారు కాబోలు. థూ!

ప్రారంభోత్సవం ముందురోజు జితేందర్ మళ్లీ అదే ఫొటో తెరిచాడు. "శ్రీలతా, గీ ముగ్గేసినామెను పిలిపియ్యి. పెద్దసార్లు వస్తున్నరు, వాకిలి కళకళలాడాలె. మూడొందలిద్దాం."

యాదమ్మ పొద్దున్నే మొదటి బస్సుకు వచ్చింది. పెద్దసార్లకు గోడ సంగతి చెప్పుకోవచ్చని ఆశ. నీళ్లు చల్లి, గంటన్నరసేపు నడుము వంచి రంగులతో ముగ్గేసింది. అయ్యాక జితేందర్ మూడు నోట్లు, ఒక కాగితం తెచ్చి శ్రీలత చేతిలో పెట్టాడు.

"సంతకం తీస్కో. సాయం ముట్టినట్టు రాసినం. ఒకే దెబ్బకు ఆ అప్పీలు సుత ఖతం."

శ్రీలత చదివింది. వరద బాధితురాలు యాదమ్మకు విపత్తు నిధి నుంచి సాయం అందినది. ఛీ, ఇంత నీచమా! యాదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను కోసం చెయ్యి చాచింది.

"పెట్టకమ్మా," అంది శ్రీలత. "గిది ముగ్గు కూలి కాదు. నీ ఇంటికి సాయం ముట్టిందని రాసిండ్రు. సంతకం పెడితే ఇగ గోడ రాదు."

"శ్రీలతా! నౌకరి చెయ్యాలని లేదా నీకు?" జితేందర్ గుడ్లురిమాడు.

యాదమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇల్లు గలీజుగుంటే మొఖం తిప్పుకుంటరని అలికిన బిడ్డా. గదే నా తప్పయింది."

పక్కనున్న బకెట్ ఎత్తి నీళ్లన్నీ ముగ్గు మీద కుమ్మరించింది. రంగులన్నీ కలిసి, తెరిచిన తలుపులోంచి కొత్త తివాచీ మీదికి పారాయి. గేటు దగ్గర కార్ల హారన్లు మోగాయి.

"గిప్పుడు గలీజుగున్నది సారూ," అంది యాదమ్మ. "రాసుకోండ్రి నష్టమని."

శ్రీలత నోట్లు జితేందర్ చేతిలో పెట్టేసి, కాగితం మడిచి సంచిలో వేసుకుంది. మధ్యాహ్నం బస్సుకు ఇద్దరూ కోదాడ పోయారు. అక్కడ శ్రీలత దుప్పటి విప్పించి, కూలిన గోడ, దాని వెనక వాగు కనబడేటట్టు ఫొటో తీసింది. సంతకం లేని ఆ కాగితంతో కలిపి కలెక్టరుకే పంపాలని కూర్చుని మళ్లీ అప్పీలు రాయసాగింది. ఇంతలో యాదమ్మ అలవాటుగా చెప్పులేసుకుని దుకాణం వైపు కదిలింది.

"ఏం తేకమ్మా," అంది శ్రీలత తలెత్తకుండానే. "ఆ రోజు తాగిందే ఇంకా అరగలే."