శనివారం ఎవరిది

టైలరమ్మకి కుళ్ళు ఉందంటే ఆ వీధిలో ఎవరూ నమ్మరు. పక్కింటివాళ్ళు కొత్త ఫ్రిజ్ కొనుక్కుంటే వెళ్ళి చూసి, తలుపు తీసి వేసి, మనసారా మెచ్చుకుని వచ్చే మనిషి. ఎదురు వరసలో ఇంకో కుట్టు దుకాణం తెరిచినప్పుడు తన దగ్గర మిగిలిన దారపుండలు పట్టుకెళ్ళి ఇచ్చిన మనిషి. అలాంటి ఆవిడకి నడివయసులో, ఒకే ఒక్క మాట మీద కడుపుమంట మొదలైంది. ఆ మాట ‘నువ్వు’.

సంగతేమిటంటే, ఆ ఇంట్లో పెరుగుతున్న తొమ్మిదేళ్ళ పిల్ల వాళ్ళ పిల్ల కాదు. తల్లి మనసు చెదిరి ఆస్పత్రి పాలైతే, చూసుకునే దిక్కు లేక, కొన్నాళ్ళు పెంచమని కోర్టు ఈ దంపతులకి అప్పగించింది. దత్తత కాదు. తల్లి కోలుకుంటే పిల్ల తల్లికే. ఆ ముక్క పిల్లల సంక్షేమ ఆఫీసులో మొదటి రోజే నొక్కి చెప్పారు. టైలరమ్మ తల ఊపింది. తల ఊపడానికేం, ఎవరైనా ఊపుతారు.

పిల్ల మహా మర్యాదస్తురాలు. ‘ఆంటీ, మీరు తిన్నారా’, ‘ఆంటీ, మీ కత్తెర ఇక్కడుందండీ’. కొత్త కదా, పోనుపోను అదే చనువొస్తుందిలే అనుకుంది టైలరమ్మ. చనువైతే వచ్చింది, తన మొగుడికి. ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో ఉండేదే తక్కువ, ఉన్న కాసేపూ గురక. అలాంటివాడు నెల తిరక్కుండా బాబాయ్ అయి కూర్చున్నాడు. ‘బాబాయ్, నువ్వు కాళ్ళు ముడుచుకో, ఊడవాలి’ అంటుంది పిల్ల, ఆయన ముసిముసిగా నవ్వుకుంటూ ముడుచుకుంటాడు. జ్వరమొస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుంది తను, తలలో చిక్కు తీసింది తను, ఒంటికి సరిపడా గౌన్లు కుట్టింది తను. ‘నువ్వు’ మాత్రం ఆయనకి దక్కింది.

“ఏం మందు పెట్టావు పిల్లకి?” అని ఒకసారి అడిగేసింది.

“నేనేం పెట్టలేదు. నీలాగా ఎప్పుడంటుందా అని మొహంలోకి చూస్తూ కూర్చోలేదు, అంతే,” అన్నాడు డ్రైవరు.

మొగుడి మీద కుళ్ళు ఏపాటిది, కంచం ముందు పెట్టేసరికి చల్లారిపోతుంది. అసలు మంట శనివారాలది. ప్రతి శనివారం పిల్ల తల్లిని కలుసుకోవాలని కోర్టు ఉత్తర్వు. సంక్షేమ ఆఫీసులో గోడల నిండా బొమ్మలు అతికించిన చిన్న గది ఒకటి ఉంది. లోపల తల్లీకూతుళ్ళు, బయట బెంచీ మీద టైలరమ్మ. వినకూడదనుకుంటూనే చెవి అటే పడేసి కూర్చునేది. ‘నువ్వు చిక్కిపోయావేంటమ్మా’, ‘నువ్వు మాత్రలు వేసుకుంటున్నావా లేదా’, ‘నువ్వు మళ్ళీ ఏడుస్తున్నావు’. కన్నబిడ్డని వదిలేసి రోడ్డున పడి తిరిగిన మనిషికి అన్ని నువ్వులా! నాకు ఒక్కటి, ఏ పరాకునో, నోరు జారి ఒక్కటి దొర్లితే ఈ పిల్ల సొమ్మేం పోయింది అనుకునేది.

ఈలోగా ఆ తల్లి నిజంగానే కోలుకుంది. లాండ్రీలో ఇస్త్రీ పనికి కుదిరింది, చిన్న గది అద్దెకి తీసుకుంది. శనివారాలు ఇలాగే క్రమం తప్పకుండా వస్తే, వచ్చే వాయిదాలో పిల్లని ఇంటికి పంపే మాట ఆలోచిస్తామన్నారట జడ్జిగారు. ఆ కబురు విన్నప్పట్నించీ టైలరమ్మకి ముద్ద దిగలేదు.

సరిగ్గా ఆ తర్వాతి శనివారమే, ఆఫీసు గుమ్మంలో ఉండగా ఫోన్ మోగింది.

“అక్కా, నేను. బస్సు దారిలో ఆగిపోయిందక్కా. ఎలాగైనా వచ్చేస్తాను. పిల్లని కాస్త కూర్చోపెట్టవా,” అంది పిల్ల తల్లి, రొప్పుతూ.

ఆఫీసుకి చెయ్యలేదు. తనని నమ్మి తనకే చేసింది. “సరే,” అంది టైలరమ్మ. ఫోన్ సంచిలో పడేసింది. లోపలికి వెళ్ళి, కాసేపు గడియారం చూసినట్టు చూసి, “ఇంక రాదేమోలెండి,” అని గుమాస్తాతో అనేసి, పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది. తల్లి రాలేదని గుమాస్తా రాసుకున్నాడు. దారి పొడుగునా సంచిలో ఫోన్ మోగుతూనే ఉంది, ఎవరో బట్టలు కుట్టమని తినేస్తున్నారంది. పిల్ల ఏడవలేదు. అన్నం వద్దని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంకో శనివారం రాకుండానే, వాయిదా దగ్గరపడిందని, పిల్ల తరఫు లాయరమ్మ ఇంటికొచ్చింది. తల్లికొక లాయరు, పిల్లకి విడిగా ఇంకో లాయరు.

“పిల్లతో ఒంటరిగా మాట్లాడాలండీ. తలుపు వేసుకుంటాం,” అంది లాయరమ్మ.

“మా ముందు మాట్లాడకూడని మాటలు దానికేముంటాయండీ?”

“ఉండకపోవచ్చు. అయినా తలుపు వేసుకోవడం దాని హక్కు.”

తలుపు పడింది. టైలరమ్మ మిషను ముందు కూర్చుని ఒకే కుట్టు మీద రెండోసారి కుట్టింది. సెలవు రోజు కాబట్టి డ్రైవరు ఇంట్లోనే ఉన్నాడు. లోపల పిల్ల ఎవరితోనో లాయరమ్మ ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు వినపడింది. ఆపైన ఏమీ వినపడలేదు.

తలుపు తీసుకుని పిల్ల తిన్నగా మిషను దగ్గరికొచ్చింది. దాని వెనకే లాయరమ్మ.

“అమ్మ నీకు ఫోన్ చేసిందంట. నువ్వు సరేనన్నావంట. మరి నువ్వు నాతో అమ్మ రాలేదని చెప్పావు. నువ్వెందుకు అబద్ధం చెప్పావు?”

నువ్వు. ఇన్నాళ్ళూ దేనికోసం కాచుక్కూచుందో ఆ మాట, ఒకటికి మూడుసార్లు. సిగ్గు లేకపోతే సరి, ముందు సంతోషమే వేసింది టైలరమ్మకి. ఆ వెనకే పిల్ల మొహం కనపడింది.

“మిషను చప్పుడులో సరిగ్గా వినపడి ఉండదు లెండి,” అన్నాడు డ్రైవరు లాయరమ్మతో, పెళ్ళాం వైపు చూడకుండా. ఆఫీసు గుమ్మంలో మిషనెక్కడుంది అని ఆలోచించే మనిషి కాదు ఆయన.

“వినపడింది,” అంది టైలరమ్మ. “మీ అమ్మంటే నాకు కుళ్ళు. అందుకే చేశాను.”

“ఇది నేను కోర్టులో చెప్పక తప్పదు. పిల్లని ఇక్కణ్ణించి మార్చేయమని జడ్జిగారు అనొచ్చు కూడా,” అంది లాయరమ్మ.

“చెప్పండి. ఆవిడ తప్పు లేదని ముందు చెప్పండి. ఆవిడ శనివారం నేను దొంగిలించాను.”

“శనివారం ఆవిడది కాదండీ. ఆ ఉత్తర్వు పిల్ల కోసం ఇచ్చింది. మీరు దొంగిలించింది దీని శనివారం.”

అన్నాళ్ళూ ఆ తల్లితో పోట్లాడుతున్నాననే అనుకుంది టైలరమ్మ. కొట్టిందంతా ఈ బక్క పిల్లనని అప్పుడు తెలిసింది.

“మా అమ్మ కూడా ఇంతే,” అంది పిల్ల, ఉన్నట్టుండి. “అక్కడ గదిలో నువ్వు కుట్టిన గౌను విప్పించేసి తను తెచ్చింది తొడుగుతుంది. వచ్చేటప్పుడు మళ్ళీ నేనే మార్చుకుంటాను. నీకు చెప్తే నువ్వు ఏడుస్తావు, మార్చనంటే అమ్మ ఏడుస్తుంది. మీ ఇద్దరికీ నేనే సర్దిచెప్పుకోవాలి.”

పిల్ల లాయరమ్మ వైపు తిరిగింది.

“నేను అమ్మ దగ్గరికి వెళ్ళిపోయాక ఈవిడతో మాట్లాడొచ్చా? అమ్మ వద్దన్నా?”

“అది జడ్జిగారు చెప్పాలి. నీ మాట వినే చెప్తారు. నీ తరఫున అడగమంటావా?” అంది లాయరమ్మ.

పిల్ల టైలరమ్మ మొహంలోకి చూసింది.

“ఇప్పుడు కాదు,” అంది. “కోపం తగ్గాక చెప్తాను.”