కూతకు ముందు

"అమ్మా, ఆ కుక్కర్ గొంతు ఎవరైనా నొక్కండి!"

ముందుగదిలోంచి మా అమ్మాయి కేక. వచ్చింది ఒక్క విజిల్. దానికే ఆయన పేపర్ పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చారు.

"పిల్ల ఇంగ్లిష్ పరీక్షకి చదువుకుంటోందని తెలుసుగా, కాస్త చూసుకోవద్దూ?"

"అన్నం ఉడకాలంటే అది కూయక తప్పదండీ."

"కూయకుండా చూడు."

అత్తయ్య మంచం మీంచే తీర్పు చెప్పేసింది. "కూసే ముందు మంట తగ్గిస్తే సరి. దాని దగ్గర నిలబడాలి, అంతే. దానికేం పెద్ద విద్య కావాలి?"

"నేనిక్కడ నిలబడితే కూరలు ఎవరు తరుగుతారు?"

"అదీ నిలబడే కదా తరిగేది," అన్నారాయన. అత్తయ్య నవ్వింది. ముందుగదిలోంచి మా అమ్మాయి కూడా నవ్వింది.

నిలబడ్డాను. కూతకు ముందు కుక్కర్ మీది బరువు సన్నగా వణుకుతుంది, తర్వాత ఒక పక్కకి ఒరుగుతుంది. సరిగ్గా అప్పుడు మంట తగ్గించాలి. తొందరపడితే అన్నం పలుకు, ఆలస్యమైతే కూత. త్వరలోనే ఆ విద్యలో ఆరితేరాను. ఇంట్లో మిగతావాళ్ళదీ ఎవరి తపస్సు వాళ్ళది. ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తున్నారు. అత్తయ్య చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సీరియల్ చూస్తూ, ఏడుపు సీన్లు వస్తే నోటికి చెంగు అడ్డం పెట్టుకుంటోంది. భోజనాల బల్ల మొత్తం మా అమ్మాయి పరీక్షకి చదివే కవితల కాగితాలతో నిండిపోయింది. ఉపమ కింద పసుపు రంగు గీత, రూపకానికి గులాబి, ప్రాణం లేనివాటికి ప్రాణం పోస్తే ఆకుపచ్చ. మేం ముగ్గురం పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాం. నేను పళ్ళరసం గ్లాసు తీసుకెళ్ళి, చప్పుడు కాకుండా ఆ కాగితాల పక్కన పెట్టి వస్తున్నాను. వస్తూ వస్తూ ఒకసారి వెనక్కి చూస్తాను. బల్ల దీపం వెలుగులో వంగిన ఆ మెడ, ఆ మెడ చుట్టూ మేం ముగ్గురం కాపలా కాస్తున్న నిశ్శబ్దం.

కన్నకూతుర్ని చూసి కుళ్ళుకునే తల్లి ఉంటుందా అంటే, ఉంది. ఇదిగో, చేతిలో ఖాళీ ట్రేతో. దాని వయసు చూసి కాదు, జుట్టు చూసి కాదు. ఆ నిశ్శబ్దం చూసి. అది అడక్కుండానే దానికి దొరికింది. నేను మాత్రం ఎం.ఏ. ఇంగ్లిష్ ఆఖరి పరీక్షలకి ఈ ఇంట్లోనే చదివాను, పెళ్ళైన కొత్తలో, పిండి డబ్బాకి పుస్తకం ఆనించి, ఒక చేత్తో గరిటె తిప్పుతూ. హాల్లో రేడియో మోగేది. కాస్త తగ్గించమంటే అత్తయ్య అంది, "మనసు పెట్టి చదివేవాళ్ళకి చప్పుడొక లెక్కా?" కవిత్వం పేపరు రోజున ఆడపడుచు అత్తవారు భోజనానికి దిగారు. "వచ్చే ఏడాది రాయొచ్చులే," అన్నారాయన, "పరీక్ష ఎక్కడికి పోతుంది?" వచ్చే ఏడాదికి మా అమ్మాయి కడుపులో ఉంది. ఇప్పుడు నిశ్శబ్దం కావాలంటున్నది ఆ పిల్లే.

ఒక మధ్యాహ్నం నన్ను పిలిచింది. "అమ్మా, ఊరికే ఈ గైడ్ పట్టుకో. ఎక్కడ ఏ టెక్నిక్ ఉందో నేను చెప్తా, తప్పు చెప్తే ఆపు. నీకు అర్థం కానక్కర్లేదు, జవాబులు పక్కనే ఉంటాయి."

అత్తయ్య కూడా కుర్చీ లాక్కుంది. "అసలు ఉపమ అంటే ఏంటే?"

"'లాగా' అని వస్తే ఉపమ, నానమ్మా."

"మీ నాన్న గుమ్మడికాయలాగా కూర్చున్నాడు. అలాగా?"

"ఫుల్ మార్కులు!"

"మీ అమ్మ యంత్రంలాగా పని చేస్తుంది," అన్నారాయన సోఫాలోంచి, మెచ్చుకోలుగానే.

"అదీ కరెక్టే. 'లాగా' తీసేస్తే రూపకం."

నా విషయంలో ఆ 'లాగా' ఎప్పుడో రాలిపోయిందని ఎవరూ గమనించినట్టు లేదు.

తర్వాతి కవిత చదివింది. అందులో కెటిల్ సణుగుతుంది, మెట్లు నిట్టూరుస్తాయి, తలుపు ఎదురుచూస్తుంది. ఒకామె దుప్పటి మడతపెడుతుంది. అంతే కవిత. మా అమ్మాయి మూడు చోట్ల ఆకుపచ్చ గీసి, "ప్రాణం పోయడం, ప్రాణం పోయడం, ప్రాణం పోయడం. నెక్స్ట్," అంది.

"ఆగు," అన్నాను.

"తప్పా?"

"తప్పు కాదు. కానీ ఇంట్లో అన్నీ మాట్లాడుతున్నాయి, ఆమె తప్ప. ఆమె ప్రాణం తీసి, కొంచెం కొంచెంగా వాటన్నిటికీ పోశారు. అందుకే ఆమెకి మిగల్లేదు."

మా అమ్మాయి గైడ్ లాక్కుని చూసింది. "ఇది ఇందులో లేదే," అంటూనే గబగబా రాసుకుంది. రాసుకోవడం అయ్యాక, "అమ్మా, ఆకలేస్తోంది," అంది.

లేచి వెళ్ళాను. నా గొంతులోంచి ఆ మాటలు వచ్చినప్పటి వేడి ఇంకా తగ్గలేదు. దానికి తినడానికి పెట్టి, వంటింటి తలుపు దగ్గరకి వేసి యూనివర్సిటీకి ఫోన్ చేశాను.

మోడల్ పరీక్ష మార్కులు వచ్చిన రోజు మా అమ్మాయి కాగితాలన్నీ ఎత్తి, చాలా రోజులకి బల్లని భోజనానికి వదిలింది. నేను వడ్డిస్తున్నాను.

"నాన్నా, ఆ దుప్పటి కవిత ఆన్సర్ మేడమ్ క్లాసంతటికీ చదివి వినిపించారు! ఇలా ఆలోచించడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు."

గరిటె గాల్లోనే ఆగింది. "ఏం చెప్పావు?"

"ఏం చెప్తాను? ఊరికే తట్టింది మేడమ్ అన్నాను."

దాని మొహం చూశాను. దాచడం లేదు. నిజంగానే గుర్తు లేదు. గ్లాసు ఎవరు పెట్టారో గుర్తుంటుందా ఎవరికైనా?

"మా నాన్న తెలివి," అన్నారాయన.

"వంశం ఎక్కడికి పోతుంది," అంది అత్తయ్య.

అప్పుడు లోపల కుళ్ళు ఎంత ఎగదన్నిందంటే, బరువు ఒరగబోతున్నట్టు నాకే తెలిసింది. ఈసారి మంట తగ్గించలేదు. గరిటె గిన్నెలో పెట్టి, పళ్ళెం తీసుకుని, వాళ్ళతోపాటే కూర్చున్నాను. ముగ్గురూ నా వైపు చూశారు. ఇంకా అప్పడాలు రాలేదు మరి.

"ఎం.ఏ.లో మళ్ళీ చేరుతున్నాను," అన్నాను. "ఇంట్లోంచే చదవొచ్చట. పాత మార్కులు చెల్లవు, మొదటినుంచి రాయాలన్నారు. రాస్తాను."

"ఇప్పుడా?" అన్నారాయన.

"పరీక్ష ఎక్కడికి పోతుందని మీరే అన్నారుగా. చూశాను. ఎక్కడికీ పోలేదు."

"నా పరీక్షలయ్యాకే కదమ్మా?" అంది మా అమ్మాయి.

"రేపటినుంచే. బల్ల పెద్దదే. దీపం ఉన్న వైపు నాది. ఆ దుప్పటి కవిత జవాబు అసలు ఎవరికి తట్టిందో, ఆ మనిషి అక్కడ కూర్చుని మళ్ళీ చదువుకోవాలి."

మా అమ్మాయి తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. గుర్తొచ్చినట్టుంది.

"మరి సాయంత్రం వంట?" అంది అత్తయ్య.

"మీలో ఎవరు చేసినా సరే అత్తయ్యా," అన్నాను, అన్నం కలుపుకుంటూ. "విజిల్ మాత్రం నాకు వినపడకూడదు. కూసే ముందు మంట తగ్గిస్తే సరి. దాని దగ్గర నిలబడాలి, అంతే. దానికేం పెద్ద విద్య కావాలి?"