కళకు వచ్చిన మాత్ర

కళ గుండె లెక్క తప్పి కొట్టుకుంటోందని మొదట తెలిసింది మాలతి వేళ్లకే. నాగిరెడ్డిపేటలో పెట్టిన గుండె శిబిరంలో, వరుసగా కూర్చున్న ఆడవాళ్ల చేతులు పట్టి నాడి చూస్తూ పోతున్న మాలతి ఆమె దగ్గర ఆగిపోయింది. రెండు దెబ్బలు వెంటవెంటనే. తర్వాత ఒక ఖాళీ. మళ్లీ మూడు గబగబా. ఏ రెండింటి మధ్యా ఒకే ఎడం లేదు.

"ఆయాసం వస్తదా అక్కా?"

"నాటేసేటప్పుడు వస్తది. అందరికీ వస్తది గదా," అని నవ్వింది కళ. "నడుమ కూసుంటే పక్కోళ్లు ముందుకు పోతరు. గందుకే కూసోను."

ముప్పై ఆరేళ్ల మనిషి. పోచారం ప్రాజెక్టు కింది పొలాల్లో నాట్లకు, కలుపులకు పోయేది. దసరా దాటగానే భర్త ప్రేమ్‌సింగ్‌తో కలిసి చెరుకు నరకడానికి కర్ణాటక దిక్కు వెళ్లేది. ఎల్లారెడ్డికి దగ్గర్లోని తండాలో ఇల్లు. ఇంట్లో అత్త లాలి, తొమ్మిదేళ్ల కూతురు వినీత. మాలతిది తాడ్వాయి దగ్గరి తండా. కామారెడ్డిలోని ఒక గుండె ఆస్పత్రిలో పరిశోధన విభాగం నర్సు. తండా మాట కలవడంతో ఇద్దరికీ పరిచయం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

కామారెడ్డిలో పరీక్షలన్నీ చేశాక డాక్టర్ మహిపాల్ ఒక కాగితం మీద గుండె బొమ్మ గీసి చెప్పాడు. చిన్నప్పుడు ఎప్పుడో గొంతు నొప్పి, జ్వరం, కీళ్ల వాపులు వచ్చి తగ్గి ఉంటాయి. కీళ్లు బాగయ్యాయి గాని, గుండెలోని ఒక కవాటం గట్టిపడి ఇరుకైపోయింది. దానివల్ల గుండె పైగది సరిగా ముడుచుకోకుండా ఊరికే వణుకుతోంది. వణికేచోట నెత్తురు నిలుస్తుంది, నిలిస్తే గడ్డకడుతుంది, ఆ గడ్డ పోయి మెదడులో అడ్డుపడితే పక్షవాతం. అందుకని నెత్తురు గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. జీవితాంతం.

ఆ మాత్ర దగ్గరే పరిశోధన వచ్చింది. ఈ జబ్బుకు ఎన్నో ఏళ్లుగా ఇస్తున్న పాత మాత్ర ఒకటి ఉంది. అది ఎక్కువైతే నెత్తురు కారుతుంది, తక్కువైతే గడ్డ ఆగదు. కాబట్టి నెలనెలా రక్తపరీక్ష చేసి మోతాదు మారుస్తూ ఉండాలి. కొత్తగా వచ్చిన ఇంకో మాత్రకు ఆ పరీక్షే అక్కర్లేదు. వేరే రకం గుండె జబ్బులున్నవాళ్లకు అది బాగా పనిచేసింది. కవాటం ఇలా చెడినవాళ్లకు ఏది మేలో మాత్రం ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలంటే సగం మందికి ఇది, సగం మందికి అది ఇచ్చి కొన్నేళ్లు చూడాలి. ఎవరికి ఏదనేది కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుంది.

మాలతి ఈ సంగతులన్నీ కాగితం చూసి చదివి వినిపించింది. లాలికి నచ్చలేదు.

"మందు పనిచేస్తదో లేదో మా కోడలి మీద చూస్తరా? వద్దు బిడ్డా. అందరికిచ్చేదే ఇయ్యిండ్రి, పోతం."

ప్రేమ్‌సింగ్ గోడకు ఆనుకుని నిలబడి, నెలనెలా కామారెడ్డి అంటే చెరుకు పని ఎట్లా అని ఆలోచిస్తున్నాడు. చివరికి కళే అడిగింది.

"మాలతీ, నువ్వైతే ఏది తీస్కుంటవ్?"

దానికి జవాబు చెప్పకూడదని మాలతికి నేర్పించారు. మీ ఇష్టం, ఇందులో చేరకపోయినా వైద్యం ఆగదు, అంతవరకే అనాలి. ఆమె ఆ మాట అంది కూడా. కానీ కళ కళ్లు తన మొహం మీదే ఉన్నాయి. "నాకైతే కొత్తదే రావాలని ఉంటది అక్కా," అనేసింది. "సూది పోటు లేదు, నెలనెలా బస్సు లేదు. నువ్వు ఏడికన్న పోవచ్చు."

కళ వేలిముద్ర వద్దని, పెన్ను అడిగి తీసుకుని, మూడక్షరాలంత పొడుగ్గా తన రెండక్షరాల పేరు రాసింది. కంప్యూటర్‌లో కొత్త మాత్రే వచ్చింది. ఇద్దరూ ఆడపిల్లల్లా నవ్వుకున్నారు.

ఆ ఏడు కళ చెరుకుకు పోయింది. కొడవలి పట్టొద్దని డాక్టర్ చెప్పడంతో గుంపుకంతటికీ వంట చేసేది. మాలతి నెలకోసారి ఫోన్ చేసి, మాత్రలు వేసుకుంటున్నావా, ఎక్కడైనా నెత్తురు కారిందా, కాళ్లు వాచాయా అని అడిగి రాసుకునేది. ప్రశ్నలు ఐదు నిమిషాల్లో అయిపోయేవి. మాటలు మాత్రం అయ్యేవి కావు. వినీతకు లెక్కలు వస్తున్నాయట. పక్క డేరాలో వాళ్ల మేక ఈనిందట. కృష్ణా నది ఒడ్డున చలి ఎక్కువట.

"నా గుండె గురించి గింత మంది అడుగుతరని తెలిస్తే ముందే చెడగొట్టుకుంటుంటి," అందోసారి.

ఆరునెలలకోసారి కామారెడ్డికి వచ్చేది. వచ్చినప్పుడల్లా మిగిలిన మాత్రల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేది, బడిలో పలక చూపించినట్టు.

రెండో ఏడు ఫిబ్రవరిలో మాలతి ఫోన్ చేసినప్పుడు ప్రేమ్‌సింగ్ ఎత్తాడు.

"కళ లేదు," అన్నాడు.

"ఏడికి పోయింది అన్నా?"

వెనక ట్రాక్టర్ చప్పుడొక్కటే వినబడుతోంది. అప్పుడు అర్థమైంది మాలతికి.

"పది రోజులైంది. పొద్దుగాల. రొట్టెలు చేస్తున్నది. రొట్టె పెంక మీద ఏసి గట్లనే పక్కకు ఒరిగింది. నడుము నొస్తే ఒరిగిందేమో అనుకున్న. రొట్టె మాడుతున్నదే అని కేకేసిన. లేవలే."

దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. తండాకు తెచ్చి దహనం చేశారు. ప్రేమ్‌సింగ్ మళ్లీ పనికి పోయాడు, ముందే తీసుకున్న కూలి డబ్బు తీరకుండా గుంపును వదిలి రాలేక.

పరిశోధనలో ఉన్న మనిషి చనిపోతే నింపాల్సిన కాగితం ఒకటి ఉంటుంది. ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా, ఎవరు చూశారు, అంతకుముందు వారం ఆయాసం పెరిగిందా, చివరి మాత్ర ఎప్పుడు వేసుకుంది. మాలతి నెల తర్వాత తండాకు వెళ్లి, లాలి పక్కన కూర్చుని, ఒక్కొక్కటే అడిగి రాసింది. లాలి ప్రతిదానికీ జవాబు చెప్పింది, ఏడవకుండా. ప్రేమ్‌సింగ్ లోపలికి పోయి డబ్బా తెచ్చాడు. మాలతి ఒళ్లో రుమాలు పరిచి మాత్రలు లెక్కపెట్టింది. ఉండాల్సినన్నే ఉన్నాయి. ఒక్క రోజు కూడా తప్పలేదు కళ.

పక్షవాతం లక్షణాలేమీ లేవు కాబట్టి, హఠాన్మరణం అని రాసింది. కవాటం జబ్బుతో అలా పోయేవాళ్లు ఉంటారు. ఆ మాటే తనకు తాను చెప్పుకుని పనిలో పడింది.

కళ పోయిన పద్నాలుగు నెలలకు పరిశోధన ఫలితం వచ్చింది. ఎన్నో ఊళ్ల ఆస్పత్రులు కలిసి చేసిన పని అది. మహిపాల్ అందరినీ గదిలోకి పిలిచి, తెర మీద రెండు గీతలు చూపించాడు. మొదట్లో రెండూ కలిసే ఉన్నాయి. పోనుపోను విడిపోయాయి. పాత మాత్ర వేసుకున్నవాళ్లే ఎక్కువ మంది బతికారు.

"తేడా పక్షవాతంలో కాదు, ముఖ్యంగా హఠాన్మరణాల్లో," అన్నాడు డాక్టర్. "ఎందుకో మాకూ తెలియదు. నెలనెలా పరీక్షకు రావడం వల్ల వాళ్లను ఎక్కువసార్లు చూశామా అంటే, ఒక్క దానితోనే ఇంత తేడా రాదు. ఏదైనా, రేపట్నించి అందరినీ పాత మాత్రకు మార్చాలి. ఇది తెలియడం మంచిదే. తెలియకపోతే దేశమంతా కొత్తదానికి మారిపోయేది."

మాలతి చేతిలోని జాబితాలో కళ పేరు పక్కన అడ్డగీత ఉంది. గది ఖాళీ అయ్యాక అడిగింది.

"చనిపోయినవాళ్ల ఇంట్లో కూడా చెప్పాలా సార్?"

"రూలేం లేదు. మందు మార్చాల్సింది బతికున్నవాళ్లకు." అతను కళ్లద్దాలు తీశాడు. "మాలతీ, ఒక్క మనిషి విషయంలో ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు. నువ్వు కూడా."

"తెలుసు సార్."

అయినా వెళ్లింది. ఎల్లారెడ్డి బస్సెక్కి, దిగి, ఆటోలో తండాకు. మధ్యాహ్నం వేళ. ప్రేమ్‌సింగ్ వాకిట్లో బైక్ టైరుకు గాలి కొడుతున్నాడు. లాలి చింతపండు గింజ తీస్తోంది. మాలతిని చూసి పీట వేసింది, నీళ్లిచ్చింది.

మాలతి నీళ్లు తాగి, కుదురుగా చెప్పింది. ఫలితం ఏమిటో, డాక్టర్ ఏమన్నాడో, తెలియనిది ఏమిటో. చివర్న ఇంకో మాట చెప్పింది, ఏ కాగితంలోనూ లేనిది.

"కళక్క నన్ను అడిగింది, నువ్వైతే ఏది తీస్కుంటవ్ అని. కొత్తది అన్న. గట్ల అనకూడదు నేను. అవ్వ వద్దన్నది. నేను చెప్పకపోతే చేరకపోతుండె, పాతదే వేసుకుంటుండె."

ప్రేమ్‌సింగ్ పంపు వదిలేశాడు.

"పాతది వేసుకుంటే బతుకుతుండెనా?"

"చెప్పలేం అన్నా. పాతదేసుకున్నోళ్లల్ల కూడా పోయినోళ్లున్నరు."

"చెప్పలేనప్పుడు ఎందుకొచ్చినవ్?"

మాలతి నీళ్లు తాగిన చెంబును పీట పక్కన పెట్టింది.

"ఇన్ని రోజులు దేవుడు తీస్కపోయిండు అనుకుంటుంటి," అన్నాడతను. గొంతు పెద్దది చేయలేదు. "పొయ్యికాడ కూసోబెట్టిన నాదే తప్పు అని కూడా అనుకున్న. ఇప్పుడు ఇదొకటి. ఇది పట్టుకుని నేనేం చెయ్యాలె?" లేచి, గాలి సగమే కొట్టిన బైకును అలాగే నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

లాలి చేతిలోని చింతపండు గింజ తీసి పక్కన పడేసింది. "నీ పాణం తేలికైందా బిడ్డా?" అంది. "లోపల పెట్టుకుంటే నీకు బరువు. తెచ్చి మా ఇంట్ల దించినవ్."

"తేలిక గాలే అవ్వా."

"గట్లనే ఉంటది." చింతపండు చేట పక్కకు పెట్టింది. "దొంగతనంగ దాచలే, చెప్పినవ్. గంత మట్టుకు మంచిదే. కానీ ఇప్పుడైతే పో. వాడొచ్చేసరికి నువ్వుండకు."

మాలతి లేచింది. అప్పుడే బడి నుంచి వినీత వచ్చింది. పన్నెండేళ్ల పిల్ల, తల్లి నుదురే. గడప ఎక్కేటప్పుడు ఒక కాలు మెల్లగా వేసింది. మాలతి చూపు ఆ కాలి మీదే నిలిచింది.

"ఏమైంది కాలికి?"

"మోకాలు నొస్తున్నది. పోయిన వారం గీ మోచెయ్యి నొచ్చింది," అంది పిల్ల.

"పెరిగే పిల్లకు నొప్పులుంటయి," అంది లాలి. "జరం గూడ వచ్చి పోయింది."

మాలతి వంగి మోకాలి మీద చెయ్యి పెట్టింది. వేడిగా, ఉబ్బుగా ఉంది. "అవ్వా, నా మీద కోపం నా మీదనే పెట్టుండ్రి. ఈ పిల్లను మాత్రం రేపే కామారెడ్డికి తోల్కరాండ్రి. కళక్కకు గిట్లనే మొదలైంది. ఇప్పుడైతే ఆపొచ్చు."

మర్నాడు వాళ్లు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు పదకొండు గంటలకు ప్రేమ్‌సింగ్ కూతురిని తీసుకుని వచ్చాడు. మాలతి వైపు చూడలేదు. స్కానింగ్ గదిలో పిల్ల బల్ల మీద పడుకుంటే, తలాపున నిలబడి తెర మీద కొట్టుకుంటున్న కవాటాన్ని రెప్పవేయకుండా చూశాడు. కవాటం కొంచెమే లీకవుతోందని, ఇరుకు కాలేదని మహిపాల్ చెప్పాడు. మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది తప్పకుండా వేయించాలి, ఏళ్ల తరబడి. అప్పుడు తల్లికి వచ్చినంత రాకపోవచ్చు.

"ఇది కూడా చూస్తున్నరా, పనిచేస్తదో లేదో?" అని అడిగాడు ప్రేమ్‌సింగ్, డాక్టర్‌నే.

"లేదయ్యా. ఇది ఎప్పటినుంచో తెలిసిన మందే."

వినీతకు ఇప్పటిదాకా ఈ పరీక్ష ఎవరూ చేయలేదు. కళకూ ఈ వయసులో ఎవరూ చేయలేదు. పరిశోధన కోసం తెచ్చిన మిషన్ మీదే ఇప్పుడు చూశారు.

సూదులు ఎల్లారెడ్డి సర్కారు దవాఖానలో వేయించేలా ఏర్పాటైంది. ప్రతిసారీ లాలే తీసుకుపోతుంది. మాలతి తారీఖు ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేస్తుంది. లాలి ఎత్తి "యాదికున్నది" అని పెట్టేస్తుంది. ప్రేమ్‌సింగ్ ఈసారి చెరుకుకు పోలేదు, నాగిరెడ్డిపేటలో హార్వెస్టర్ మీద పనికి కుదిరాడు.

ఒక్కసారి మాత్రం అతనే చేశాడు.

"వచ్చే సూది మా తండాల తీజ్ పండుగ నాడు పడుతున్నది. రెండు రోజులు ముందు ఏపియ్యొచ్చా?"

"ముందైతే ఏం గాదు అన్నా. వెనక మాత్రం వద్దు."

"సరే."

ఇంకేమైనా అంటాడేమోనని మాలతి ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని ఉంది. అవతల వినీత ఎవరితోనో గట్టిగా వాదిస్తోంది, తీజ్ కోసం పెంచుతున్న తన బుట్టలోని గోధుమ మొలకలే ఎత్తు ఎక్కువని. ప్రేమ్‌సింగ్ ఆ గొడవ వింటూ కొంతసేపు ఉండి, ఫోన్ పెట్టేశాడు.