నంబరు లేని బండి

మరియదాసు బండికి దీపం లేదు, హారను లేదు, సైలెన్సరు లేదు, నంబరు అసలే లేదు. అది రోడ్డెక్కే బండి కాదు. ఎగ్జిబిషన్లో చెక్కలతో బావిలా కట్టి, ఆ గోడల మీద గిరగిరా తిరుగుతారు చూడండి, ఆ బండి. ఊరు మారినా లారీలోనే దాని ప్రయాణం. పోయిన నెల గుంటూరులో పక్క డేరా అతని బండిని ఎవరో పట్టపగలే ఎత్తుకుపోయారు. పాపం, ఆ మనిషి ఇప్పుడు గేటు దగ్గర టిక్కెట్లు చింపుతున్నాడు. అది చూశాక మరియదాసుకు కంటిమీద కునుకు లేదు. యాభయ్యో పడి దగ్గరపడింది. బండి పోతే ఇంకో పని చేతకాదు, ఆదుకునే మనిషీ లేడు.

అందుకని బెజవాడలో డేరాలు వేయగానే వన్ టౌన్లో ఇన్సూరెన్సు ఆఫీసు మెట్లెక్కాడు. ఆఫీసరు వెంకటసుబ్బారావు మంచివాడే, మంచివాళ్ళకుండే చాదస్తం కూడా దండిగా ఉంది. నంబరు లేనిదాన్ని బండి అనడానికి రూల్సు ఒప్పుకోవట. పోనీ డేరాలో తాళం వేసి ఉంచే యంత్రం కింద రాద్దామంటే, ఇంజను ఒక బండిది, ఛాసిస్ ఇంకో బండిది, రెంటి మీదా అంకెలు అరిగిపోయాయి. రేపు దొంగ దొరికితే ఇది నీదేనని ఎవరు చెబుతారని అడిగాడు. చివరికి తనే ఒక దారి చూపించాడు. ఒక ఊళ్ళో ఇల్లూ వాకిలీ ఉండి, ఈ బండిని ఏళ్ళ తరబడి ఎరిగిన మనిషి సంతకం పెడితే చాలు. ఆఫీసు వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి విచారించుకుంటారు.

డేరాల్లో బతికేవాళ్ళకు ఇళ్ళెక్కడివి? మరియదాసుకు ఒక్క పేరే తోచింది. తెరేసమ్మ. ఒకప్పుడు అతని వెనక సీటు మీద ఒక పక్కకి కూర్చుని, చేతులు వదిలేసి, పైనున్న జనానికి నమస్కారం పెట్టేది. పెళ్ళి సంగతి ఇవాళ అడుగుదాం, రేపు అడుగుదాం అని అతను నానుస్తూ ఉండగానే వాళ్ళ నాన్న వచ్చి తీసుకుపోయాడు. కంకిపాడులో ఉపదేశి గారి భార్య అయిందని తర్వాత విన్నాడు.

బస్సు దిగి అడిగితే ఇల్లు సులువుగానే దొరికింది. గుళ్ళో జపాలు చెప్పించే ఉపదేశి అంతోని గారు ముఖం తెలియని మనిషికి కూడా కుర్చీ వేశాడు. తెరేసమ్మ కాఫీ తెచ్చి, చేతిలో గ్లాసు తొణకనివ్వకుండా, "ఎవరండీ మీరు?" అంది. బావిలో తిరిగిన సంగతి ఈ ఇంట్లో తెలియదని మరియదాసుకు అర్థమైపోయింది. మోటారు మెకానిక్కునని, పని వెతుక్కుంటూ వచ్చానని అబద్ధమాడాడు. ఉపదేశి గారు నమ్మి, రైసుమిల్లులో అడిగి వస్తానని చెప్పులేసుకుని బయల్దేరాడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి, "మనం పడ్డప్పటి సొట్ట టాంకు మీద అలాగే ఉందా?" అంది తెరేసమ్మ.

"ఉంది."

వచ్చిన పని చెప్పాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని చెయ్యి చాపింది.

"కాగితం ఇయ్యి. సంతకం పెడతాను."

కాగితం జేబులోనే ఉంది. రేపు ఆఫీసు మనిషి ఈ వాకిట్లోకే వస్తాడు. ఆ బండిని మీరెలా ఎరుగుదురమ్మా అని అడుగుతాడు. ఉపదేశి గారు అతనికీ కుర్చీ వేసి, పక్కనే కూర్చుని వింటాడు.

"అక్కర్లేదులే తెరేసా. ఇంకొకరు పెట్టారు. ఇటు వచ్చాను గదా అని చూసిపోదామనుకున్నా."

అబద్ధమని ఆమెకు తెలుసు. తెలిసినా కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకుంది. మిల్లు నుంచి ఉపదేశి గారు తిరిగి రాకముందే మరియదాసు బస్సెక్కేశాడు.

ఆఫీసులో వెంకటసుబ్బారావు కళ్ళజోడు తీసి అడిగాడు.

"ఇన్నేళ్ళుగా ఊరూరా ఇంతమంది చూసిన బండి గదయ్యా, ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరా?"

"లేరండీ," అన్నాడు మరియదాసు.

మంచంకోడుకి బండిని కట్టేసుకోవడానికి బజార్లో ఒక గొలుసూ తాళమూ కొనుక్కుని డేరాకి చేరాడు. సాయంత్రం ఆటకి జనం బాగానే వచ్చారు. బావి అంచు మీద నుంచి తొంగిచూసి ఈలలు వేశారు. బండి గోడెక్కి జోరందుకున్నాక మరియదాసు, ఎప్పటిలాగే, సీటు మీద కాస్త ముందుకు జరిగాడు, వెనక ఒక మనిషికి చోటుండేలా.