పదకొండింటి వ్యాను

నందిగామలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో, అన్ని విభాగాల వాళ్ళూ తమకు తెలిసింది పంచుకుని కిడ్నీ రోగుల కోసం కొత్త సేవ తయారుచెయ్యాలని సభ పెట్టారు. తీరా పంచుకున్నవి శాలువాలు. డాక్టరు వరప్రసాదరావు రవాణా చూసే బుల్లిబాబుకు కప్పాడు, బుల్లిబాబు కంప్యూటర్ల నాగశ్రీకి కప్పాడు, ఆవిడ తిరిగి డాక్టరుకు కప్పింది. చూస్తున్న ఫిజియోథెరపిస్టు సూసన్‌కు ఒళ్ళు మండిపోయింది.

ఆమె మామగారు ప్రేమానందం జగ్గయ్యపేట నుంచి డయాలసిస్‌కు వస్తాడు. అయ్యాక కాళ్ళు వణుకుతాయి. కిందటి నెల బస్సులో సీటు దొరక్క నిలబడి, చిల్లకల్లు దగ్గర కుప్పకూలాడు. మళ్ళీ పడితే మనిషి దక్కడని ఆమె భయం. అందుకే ఆసుపత్రి వేస్తున్న వ్యాను మీదే ఆశలన్నీ పెట్టుకుంది.

"పొద్దున ఎనిమిదింటికి దించుతాం, పదకొండింటికి వెనక్కి తీసికెళ్తాం" అన్నాడు బుల్లిబాబు. చప్పట్లు మోగాయి.

సూసన్ లేచింది. "మిషన్ మీంచి దిగేసరికి పన్నెండు దాటుద్ది గదండీ?"

"టైములు మా సెక్షన్ పనమ్మా" అన్నాడతను.

డాక్టరుకు సంగతి తెలుసు. కానీ ఇప్పుడే శాలువా కప్పిన మనిషిని తప్పుపట్టడం ఏం మర్యాద? భుజం మీది శాలువా సర్దుకున్నాడు. పెద్దమనిషి మరి!

సోమవారం పదకొండింటికి వ్యాను ఖాళీగా స్టార్టయింది. సూసన్ పరుగున వెళ్ళి తాళంచెవి లాగేసుకుంది. డ్రైవరు కేకలకు శాలువాల ముగ్గురూ మేడ దిగి వచ్చారు.

"నాలుగ్గంటలు పడుద్దని డాక్టరుగారు ఒక్క మాట చెప్పొద్దాండీ?" అన్నాడు బుల్లిబాబు.

"మీరెప్పుడడిగారు?" అన్నాడు డాక్టరు.

"ఎవరు ఎన్నింటికి దిగేదీ నా కంప్యూటర్లో రోజూ పడతానే ఉందండీ" అంది నాగశ్రీ.

సభలో చెప్పుకోనిదంతా ఎండలో నిలబడి తిట్టుకుంటూ చెప్పుకున్నారు. వీళ్ళ ఇంత చదువూ ఎందుకు తగలెయ్యను అనుకుంది సూసన్. పన్నెండు దాటేదాకా తాళంచెవి ఇవ్వలేదు.

ప్రేమానందం గోడ పట్టుకుని వచ్చాడు. వ్యాను తలుపు దగ్గర ఆగి కాలెత్తాడు. కాలు అందలేదు. మళ్ళీ ఎత్తాడు.

"అమ్మా సూసన్, పొద్దున ఎలాగో ఎక్కాను గానీ ఇప్పుడు ఇంతెత్తు మెట్టు ఎక్కలేనమ్మా. బస్సే నయం."

ముగ్గురూ సూసన్ వైపు తిరిగారు.

"కాళ్ళ సంగతి మీది గదండీ సూసన్ గారూ, సభలో ఈ మాట చెప్పలేదేం?" అంది నాగశ్రీ.

వ్యాను వచ్చి వారమైంది. సూసన్ ఆ మెట్టు వైపు ఒక్కసారైనా చూసి ఎరగదు. వంగి మామగారి నడుం చుట్టూ చెయ్యి వేసింది.